అడ్డగోడకి ఇవతలి సినిమా

ఇలా వచ్చి కూచో అమ్మలూ. సోఫా చివర అలా వేలాడుతూ కాదు, కాళ్ళు పైకి పెట్టుకుని సరిగ్గా కూచో. చెప్పేది చెప్పినట్టు వినాలి, మధ్యలో మెసేజీలు చూసుకోకూడదు. ఆ ఫోన్లోనే కదా రాసుకుంటానన్నావ్, రాసుకో. ముందు ఆ టీవీలో వాణ్ణి ఆపు. రక్తం కారే చేత్తోనే ఆ పిల్ల బుగ్గ పట్టుకున్నాడు చూడు, ఛీ, చెయ్యి కడుక్కోవాలని కూడా తెలీదు వెధవకి. ఆ పిల్లేమో కళ్ళు మూసుకుని పరవశించిపోతోంది. అది చూడలేకే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయా.

నీకు అర్థం కాలేదు నానమ్మా, చివరికి వాడు మారతాడు అన్నావ్. హిందీ రాకపోయినా నాకు బాగానే అర్థమైంది. మొదటి సగమంతా మనుషుల్ని చంపుతాడు. రెండో సగంలో ఒక పిల్ల వాణ్ణి చూసి నవ్వుతుంది. దాంతో వీడు మంచివాడైపోతాడు, మనం కళ్ళు తుడుచుకోవాలి. నా చిన్నప్పుడు బందర్లో చూసిన హిందీ సినిమా కూడా ఇదే. అప్పుడు వాడి చేతిలో కత్తి ఉండేది, ఇప్పుడు తుపాకీ పెట్టారు, అంతే తేడా. ఆ సినిమా పుణ్యమా అని మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను, రాయి. పేర్లు మాత్రం రాయకు. వాళ్ళ పిల్లలూ మనవలూ ఇంకా ఆ చుట్టుపక్కలే తిరుగుతున్నారు.

అప్పటికి నాది రెండు జడలూ పైకి మడిచి రిబ్బన్లు కట్టే వయసు. నాన్న అవనిగడ్డ వైపు కాలవ లాకుల దగ్గర పనిచేస్తూ అక్కడే ఉండేవాడు, సెలవు దొరికితే వచ్చేవాడు. అమ్మా నేనూ బందర్లో అమ్మమ్మా వాళ్ళింట్లో ఉండేవాళ్ళం. అమ్మమ్మ, తాతయ్య, అమ్మ చెల్లెలు, అంటే నాకు పిన్ని. పిన్ని అమ్మకంటే చాలా చిన్నది, నాకు అక్కలాగా ఉండేది. చిలకలపూడి గిల్టు గొలుసులకి ఇంట్లో కూచుని కొక్కేలు వేసేది. వేళ్ళకి ఎప్పుడూ ఇత్తడి వాసన. ఆ వేళ్ళతోనే నాకు ఉప్పూ కారం పూసిన మామిడికాయ ముక్కలు పెట్టేది, ఇత్తడి వాసనతో సహా తినేదాన్ని.

ఇప్పుడు వాడి సంగతి చెప్పాలి. వాడు మాకు దూరపు చుట్టం, వరసకి పిన్నికి బావ. చేపల మార్కెట్లో వాడిదే రాజ్యం. గిలకలదిండి నుంచి ఆడవాళ్ళు గంపల్లో చేపలు మోసుకొచ్చి కూచునేవాళ్ళు. వీడు తీరిగ్గా వచ్చి, చెప్పు కాలితో గంపలో చేపల్ని అటూ ఇటూ కదిపి, బొటనవేలు పెట్టి ఒక పండుగప్పని చూపించేవాడు. ఆవిడ నోరు మూసుకుని ఆ చేపని సంచిలో వేసి ఇవ్వాలి. కాలితో అమ్మలూ, తినే వస్తువుని. పేడా బురదా తొక్కొచ్చిన చెప్పుతో. నా కళ్ళతో చూశాను. ఆ తర్వాత చాన్నాళ్ళు చేపల పులుసు ముందు కూచుంటే ఆ బొటనవేలు గోరే గుర్తొచ్చేది నాకు.

అంతటితో పోతే కాలి చేష్ట అనుకుందుము. మా వీధి చివర ఒక రిక్షా అతను ఉండేవాడు, బడికి నన్ను చాలాసార్లు ఊరికే ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. ఒకరోజు వీడు పిలిస్తే ఆగలేదని సైకిలు చైనుతో కొట్టాడు. ఒక కన్ను పోయింది. అతని భార్య చంటిపిల్లని చంకన వేసుకుని, గంజి ఉంటే పోయండమ్మా అని మా గుమ్మాల ముందుకి వచ్చేది. అమ్మ గంజి పోసి, ఆవిడ వెళ్ళాక తలుపు వెనక నిలబడి ఏడ్చేది. మగవాళ్ళు మాత్రం అరుగుల మీద కూచుని, కుర్ర రక్తం, పెళ్ళయితే అదే సర్దుకుంటుంది అనుకునేవాళ్ళు. కన్ను పోయినవాడికి ఏం సర్దుకుంటుందో ఎవరూ అనుకునేవాళ్ళు కాదు.

ఆ రోజుల్లోనే ఆ హిందీ సినిమా వచ్చింది.

నీకిప్పుడు బొమ్మ కింద అక్షరాలొస్తాయి. అప్పట్లో మాకు అక్షరాలు లేవు, బూబమ్మత్త ఉండేది. మా పక్కిల్లు. వాళ్ళు ముస్లింలు. వాళ్ళాయన కలంకారీ అద్దకాల దగ్గర పనిచేసేవాడు, నోట్లో నాలుక లేని మంచి మనిషి, గోళ్ళ నిండా నల్లరంగు. ఆవిడ ఇంట్లో జాకెట్లు కుట్టేది. వాళ్ళింట్లో ఉర్దూ, మాతో మనకంటే చక్కటి తెలుగు. హిందీ సినిమా వస్తే వీధిలో ఆడవాళ్ళంతా కలిసి ఆవిణ్ణి తీసుకెళ్ళాలి. ఆవిడ టిక్కెట్టు మాది. ఆవిణ్ణి బెంచీ మధ్యలో కూచోబెట్టాలి, గొంతు ఎండిపోకుండా ఇంటర్వెల్లో గోలీసోడా ఇప్పించాలి. ఇదంతా ఎవరూ రాసిపెట్టలేదు, ప్రతి వీధిలోనూ అలాగే జరిగేది. ప్రతి వీధికీ ఒక బూబమ్మత్త ఉండేది. మంచి బూబమ్మ దొరికిన వీధివాళ్ళకి మంచి సినిమా దొరికేది.

తెర మీద వాళ్ళు మాట్లాడగానే ఆవిడ తెలుగులో అందుకునేది. వెళ్తున్నానమ్మా అంటున్నాడు, ఎక్కడికిరా అంటోంది వాళ్ళమ్మ, చెప్పడంట, చూడు వాడి పొగరు, అన్నం కూడా తినకుండా పోతున్నాడు. ఇందులో సినిమావాళ్ళ మాట ఎంతో బూబమ్మత్త మాట ఎంతో మాకు తెలిసేది కాదు. తెలుసుకోవాలని కూడా ఉండేది కాదు. ఆవిడ గొంతే మాకు సినిమా.

ఆ హాలు గురించి చెప్తే నువ్వు రాత్రికి అన్నం తినవు. రేకుల షెడ్డు. ఆడవాళ్ళకి ఒక పక్క, మగవాళ్ళకి ఒక పక్క, మధ్యలో మనిషి భుజం ఎత్తున అడ్డగోడ. గోడ అవతల నుంచి బీడీ పొగ మబ్బులాగా మా మీదకి వచ్చేది. బెంచీల నిండా నల్లులు. ఇంటికొచ్చి లంగా విప్పితే తొడల మీద దద్దుర్లు. గోడ కింద కిళ్ళీ ఉమ్ములు ఎండిపోయి గోడకే ఆ రంగు వేశారేమో అనిపించేది. ఎవరో చంటిపిల్లాడు ఉచ్చ పోస్తే అది పల్లం వెతుక్కుంటూ మా కాళ్ళ కిందకి వచ్చేది, మేము పాదాలు ఎత్తుకుని సినిమా చూసేవాళ్ళం. అయినా వెళ్ళేవాళ్ళం. మరమరాలూ వేరుశనక్కాయలూ మూటకట్టుకుని, పూలు పెట్టుకుని మరీ.

సినిమా కథ చెప్తాను విను. బొంబాయి రేవులో ఒక రౌడీ. మొదట్లోనే వాడు తోపుడు బండి మీద పళ్ళమ్ముకునే మనిషిని కత్తితో పొడిచేస్తాడు. పోలీసులకి వీడి సంగతి చెప్పాడని. బండివాడి భార్య పరుగెత్తుకుంటూ వచ్చి మొగుడి మీద పడి గుండెలు బాదుకుంటుంది. ఆ తర్వాత వీడికి ఒక బళ్ళో పాఠాలు చెప్పే పిల్ల కనిపిస్తుంది. పాటలు. కొండలు. వీడు కత్తి సముద్రంలో పారేస్తాడు. జైలుకి వెళ్తాడు. చివర్లో జైలు గేటు తెరుచుకుంటే ఆ పిల్ల పూలదండ పట్టుకుని నిలబడి ఉంటుంది. ఇంతే.

మాకు మాత్రం బూబమ్మత్త ఇలా చెప్పలేదు.

ఆవిడ బండివాడి భార్యని వదల్లేదు. తెర మీద హీరోయిన్ పచ్చగడ్డిలో పరుగెత్తుతుంటే, ఇక్కడ ఈవిడ ఇలా పాడుకుంటోంది గానీ అక్కడ ఆవిడ పిల్లని చంకనేసుకుని ఇంటింటికీ గంజి అడుక్కుంటోంది అని చెప్పేది. వాడు పాట మధ్యలో ఆగి ఆకాశం వైపు చూస్తే, ఆవిడే గుర్తొచ్చింది వాడికి, ఎక్కడికెళ్ళినా ఆ ఏడుపే వినపడుతోందంట అనేది. మేము ఆ హీరోయిన్ చీరలు చూడ్డం మానేసి, కనపడని ఆ మనిషి కోసం ఏడ్చాం. గంజి అనగానే అందరికీ రిక్షా అతని భార్యే కళ్ళ ముందు నిలిచింది. చివర్లో జైలు గేటు దగ్గర ఆ పిల్ల పెదాలు కదిలాయి. బూబమ్మత్త గొంతు తగ్గించి చెప్పింది. "ముందు ఆవిడ గుమ్మం ముందుకెళ్ళి నిలబడు. ఆవిడ లోపలికి రమ్మంటే అప్పుడు నా దగ్గరికి రా, అంటోందమ్మా." తెర మీద దండ ఎత్తిందో దించిందో మాకు తెలీదు, కళ్ళ నిండా నీళ్ళు. సరిగ్గా అప్పుడే అడ్డగోడ అవతల మగవాళ్ళు ఈలలు వేస్తూ కాగితాలు విసిరారు. అమ్మ అసహ్యంగా మొహం పెట్టి, ఒక ఆడది అంత మాటంటే వీళ్ళకి సిగ్గు లేదు, ఈలలేస్తున్నారు చూడు అంది.

పిన్నికి మాత్రం నచ్చలేదు. దారంతా మూతి ముడుచుకుని నడిచింది. దండ తెచ్చుకున్న పిల్ల అలా ఎందుకంటుంది అంది. పిన్ని మనసులో ఏముందో నాకు అప్పటికే తెలుసు. వాడు మా వీధిలోకి వచ్చినప్పుడల్లా ఆ సినిమా పాట ఈల వేసేవాడు. జుట్టు హీరోలాగా పెంచాడు, మెడలో రుమాలు కట్టాడు. ఈల వినపడితే పిన్ని కొక్కేలు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయేది.

ఆ సినిమాకి మా వీధివాళ్ళు మళ్ళీ వెళ్ళారు, ఏడవడానికే. ఈసారి ఇంకాసేపట్లో అయిపోతుందనగా నేను బయటికి వెళ్ళాల్సొచ్చింది. ఆడవాళ్ళ దొడ్డి దగ్గరికి వెళ్ళి, ఆ కంపుకి ముక్కు మూసుకుని తిరిగొచ్చేశా. వచ్చేటప్పుడు, అడ్డగోడ చివర సందులోంచి మగవాళ్ళ వైపు ఎలా ఉంటుందో చూద్దామని దూరాను. స్తంభం చాటున నిలబడ్డా. అక్కడ కూడా ఒకాయన కథ చెప్తున్నాడు. బొంబాయిలో కొన్నాళ్ళు హోటల్లో పనిచేసి వచ్చాడంట. ఆయన కథలో బండివాడి భార్య ఊసే లేదు. జైలు గేటు రాగానే ఆయన లేచి నిలబడి, "చూశారా, వాడి కోసం ఇన్నాళ్ళూ ఎదురుచూసింది, దండేసి ఇంటికి తీసుకెళ్తోంది" అన్నాడు. కళ్ళు నులుముకుని చూశాను. నిజమే, దండ వాడి మెడలోనే ఉంది.

ముందు వరసలో వీడు బెంచీ మీద కాళ్ళు బారజాపుకుని కూచున్నాడు. నన్ను చూసి గుర్తుపట్టి, జేబులోంచి హల్వా పొట్లం తీసి ఇచ్చాడు. మీ పిన్నికివ్వు, నేనూ ఆ సినిమాలో వాడి లాగేనని చెప్పు అన్నాడు. బందరు హల్వా అంటే నేను ప్రాణం పెట్టేదాన్ని. ఆ కాగితం ముక్కు దగ్గర పెట్టుకుంటే నెయ్యి వాసన కాదు, వాడి చేతి చేపల నీచు, దాని మీద పూసుకున్న అత్తరు, రెండూ కలిసి కొట్టాయి. బయటికి రాగానే మురిక్కాలవలో పడేశా.

హల్వా సంగతి చెప్పలేదు గానీ, ఆ రాత్రి పక్కలో పడుకుని, గోడ అవతల కథ వేరేగా ఉందని పిన్నికి చెప్పాను. పిన్ని లేచి కూచుంది. "దండ వేసిందా? నువ్వు చూశావా?" వేసింది పిన్నీ అన్నా. పిన్ని నన్ను గట్టిగా దగ్గరికి తీసుకుంది. నాకు తెలుసే, ఆ పిల్ల వెయ్యకుండా ఉండదు అంది.

కొన్నాళ్ళకి వాడి మేనమామ పళ్ళూ తాంబూలంతో మా ఇంటికి వచ్చాడు.

మా తాతయ్య గురించి ఇప్పుడు చెప్పాలి. నేను చూసేటప్పటికి ఆయన విభూతి పెట్టుకుని పడక్కుర్చీలో కూచునే పెద్దాయన. కుడి చెయ్యి పక్షవాతంతో పడిపోయింది. అమ్మమ్మే అన్నం కలిపి ముద్దలు పెట్టేది. ఆయన దగ్గరికి తగువులు తీర్చమని జనం వచ్చేవాళ్ళు. ఒకప్పుడు పోర్టు గోదాముల దగ్గర కర్ర పట్టుకుని మనుషుల్ని వెంటేసుకుని తిరిగాడంట. ఆ కథలు ఆయనే నవ్వుతూ చెప్పేవాడు, ఎవరి దవడ ఎలా పగిలిందో. విన్నవాళ్ళు, అలాంటి మనిషి ఎంత మారిపోయారండీ, దేవుడైపోయారు అని చేతులు జోడించేవాళ్ళు. మా అమ్మమ్మ ఆ మాటకి ఎప్పుడూ తల ఎత్తేది కాదు. ఉమ్మి తొట్టి తీసుకుని దొడ్లోకి వెళ్ళిపోయేది.

మేనమామ వచ్చినప్పుడు తాతయ్య భోజనం సగంలో ఉంది. అయినా మాట మొదలుపెట్టాడు. కుర్రాడు కాస్త దుడుకు, కాదనను అన్నయ్యగారూ, కానీ మీ పిల్లంటే ప్రాణం, ఆ హిందీ సినిమాలో చూపించినట్టు, ఇల్లాలొస్తే మనిషే మారిపోతాడు అన్నాడు. తలుపు వెనక నుంచి అమ్మ, ఆ సినిమాలో ఆ పిల్ల వాణ్ణి పొమ్మంది కదా బాబాయిగారూ అంది. ఆయన తెల్లబోయాడు. పొమ్మనడమేంటమ్మా, దండేసి తీసుకెళ్ళింది, నేను చూశాను అన్నాడు. వేసిందని ఈయన, వెయ్యలేదని అమ్మ. తాతయ్య సినిమాలకి వెళ్ళే మనిషి కాదు. ఆయనకి ఇదో తగువు. చెప్పిందెవరో ఆవిణ్ణే పిలవండి అన్నాడు. నన్ను పంపించారు.

బూబమ్మత్త మెడలో టేపు వేలాడుతూ ఉండగానే వచ్చింది. గుమ్మం దగ్గర కొంగు తల మీదకి లాక్కుని నిలబడింది. దండ వేసిందా లేదా అని తాతయ్య అడిగాడు. ఆవిడ మా అమ్మ వైపు చూసింది, పిన్ని వైపు చూసింది.

"వేసిందండీ. పెద్దవారు, మీ ముందు అబద్ధం చెప్పను. సినిమాలో దండ వేసింది."

పిన్ని మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. అమ్మ కూలబడిపోయింది. మరి మాకు అలా ఎందుకు చెప్పావ్ అక్కా అంది.

"బండివాడి భార్య మళ్ళీ రాలేదమ్మా. సినిమా అంతా చూశాను, ఎక్కడో అక్కడ ఒక్కసారి చూపిస్తారని. వాడు ఏడ్చింది చూపించారు, వాడు దండం పెట్టింది చూపించారు. ఆవిడెక్కడికి పోయిందో ఎవరూ అడగలేదు. అందుకని నేను చెప్పా."

మేనమామ పగలబడి నవ్వాడు. సినిమాకే కొత్త కథ కుట్టేసింది మన బూబమ్మ అన్నాడు. తాతయ్య కూడా నవ్వాడు. ఇక తీర్పు చెప్పేవాడిలాగా కుర్చీలో సర్దుకుని, మగాడి బుద్ధి మారడం సినిమాల్లోనే కాదు, లోకంలో ఉన్నదే అన్నాడు. "ఎందుకు, నన్ను చూడండి. నేనేం మనిషిని? ఇదిగో, ఈవిడ వచ్చింది. మారలేదా?"

అమ్మమ్మ పక్కనే పీట మీద కూచుని, కంచంలో పప్పన్నం ముద్ద చేస్తోంది. తల ఎత్తలేదు. గొంతు కూడా పెంచలేదు.

"మీరు మారలేదండీ. మీ చెయ్యి పడిపోయింది."

అమ్మమ్మ ఆయన మాటకి ఎదురు చెప్పడం మా అమ్మ కూడా పుట్టి ఎరగదంట. తాతయ్య మొహం నల్లబడింది. ఎడం చేత్తో కుర్చీ పిడి పట్టుకుని లేవబోయాడు, లేవలేకపోయాడు. ఎవరూ కదల్లేదు. అమ్మమ్మ ముద్ద ఎత్తి ఆయన మూతి దగ్గర పెట్టి ఆగింది. కోపంతో ఆయన పెదాలు బిగించాడు. గడ్డం మీద పప్పు కారింది. ఆ ముద్ద అక్కడే ఆగింది. కాసేపటికి ఆయన నోరు తెరిచాడు.

ఆకలేసిందో, అలవాటో. అంత మాట అనిపించుకుని, అన్న మనిషి చేతి ముద్దకే నోరు తెరిచాడు. అమ్మమ్మ పెట్టింది, కొంగుతో గడ్డం తుడిచింది. ఆవిడ మొహంలో జాలీ లేదు, కోపమూ లేదు. గిన్నె తోముతున్నట్టు ఉంది.

పిన్ని చూసింది అది. అమ్మమ్మనే చూస్తూ నిలబడింది. తర్వాత తలుపు వెనక నుంచి ఇవతలికి వచ్చి, మేనమామ ఎదురుగా నిలబడి, నాకొద్దు బాబాయిగారూ అంది. ఇంకేం చెప్పలేదు. పళ్ళ పళ్ళెం ఆవిడే తీసి ఆయన చేతిలో పెట్టింది.

వాడు ఊరుకుంటాడా. మర్నాటి నుంచి పొద్దున్నే తలుపు తీస్తే గడప మీద చేపల పేగులు. మొప్పలు, పొలుసులు, ఎండకి ఉబ్బిపోయి ఈగలు ముసురుతుండేవి. బడికి వెళ్ళేటప్పుడు లంగా ఎత్తుకుని దాటేదాన్ని, అయినా ఆ నీచు రోజంతా నా కాళ్ళకే ఉన్నట్టుండేది, పక్క పిల్ల ముక్కు మూసుకునేది. అమ్మా పిన్నీ బూబమ్మత్తా ముగ్గురూ కలిసి బూడిద చల్లి కడిగేవాళ్ళు. పిన్ని ఏడుస్తూనే కడిగేది, కానీ వాడి ఈల వినపడితే చీపురు ఆపేది కాదు. ఒకరోజు రిక్షా అతని భార్య గంజికి వచ్చి, గిన్నె కింద పెట్టి, ఆవిడ కూడా కొంగు బిగించి కడిగింది. ప్రేమంట. ప్రాణమంట. కాదన్న ఇంటి గడప మీద పేగులు పోయించే ప్రేమ.

తాతయ్య తర్వాత చాన్నాళ్ళు బతికాడు. ఆ దవడ పగిలిన కథలు మాత్రం మళ్ళీ చెప్పలేదు, అమ్మమ్మ వినపడే దూరంలో ఉంటే. పిన్నికి గుడివాడ సంబంధం కుదిరింది. బియ్యం మిల్లులో గుమాస్తా. అందగాడు కాదు, పాటలు రావు, గురక మాత్రం మిల్లు ఆడినట్టే ఉండేది. ఆయన చేపల మార్కెట్టుకి వెళ్తే, ఈ చేప చూపించమ్మా అని వంగి అడిగి, చేత్తో తీసుకునేవాడు. పిన్ని నాతో ఆ మాట చెప్పినప్పుడు ఎంత మురిసిపోయిందో. చూడు అమ్మలూ, ఒక మనిషి చేపని చేత్తో ముట్టుకున్నాడని మురిసిపోవాల్సొచ్చింది.

మరి వాడు. వాడికేం, బ్రహ్మాండంగా బతికాడు. మార్కెట్టు పోయి రొయ్యల చెరువులొచ్చాయి. తెల్ల బట్టలు వేశాడు. ఎక్కడ చూసినా బ్యానర్ల మీద రెండు చేతులూ జోడించి నవ్వుతూ వాడే. ఒకప్పుడు ఎలా ఉండేవాడు, ఎలా మారాడు, అన్నదానాలు చేస్తున్నాడు అని జనం చెప్పుకోవడం. ఆ అన్నం తిన్నవాళ్ళని నేనేం అనను, ఆకలి ఎవరికైనా ఆకలే. కానీ రిక్షా అతనికి కన్నెవరిచ్చారు. ఆ చేపల గంపల వాళ్ళకి ఎవరు సమాధానం చెప్పారు. మారానని వాడు చెప్తే చాలా, దెబ్బ తిన్నవాళ్ళు చెప్పక్కర్లేదా. నువ్వేమో నాకు కథ అర్థం కాలేదంటావ్.

వాడికి పెళ్ళి కూడా అయింది. పిన్ని కాదన్నాక బంటుమిల్లి వైపు ఒక పల్లెటూరి పిల్లని ఇచ్చారు. నేను ఆవిణ్ణి చాలా ఏళ్ళ తర్వాత చూశాను. పిన్ని వాళ్ళింటి నుంచి వస్తూ గుడివాడ బస్టాండులో కూచున్నా. పక్కన ఖరీదైన చీర కట్టుకున్న ఒకావిడ. ఎండాకాలం, అంత ఉక్కలో కూడా కొంగు భుజాల నిండా కప్పుకుని ఉంది. అంత పెద్దాయన భార్య, కారు లేకుండా ఆర్టీసీ బస్సుకి ఎందుకు కూచుందో నేనడగలేదు. ఎవరి తాలూకు, ఏ ఊరు అని మాటల్లో పడి, మా వీధి పేరు చెప్పగానే ఆవిడ నా వైపు పూర్తిగా తిరిగింది. మీ పిన్నిగారు బాగున్నారా అంది. బాగున్నారండీ, మనవలు కూడా పుట్టారు అన్నా. పిల్లలెంతమందీ, ఆయన బాగా చూసుకుంటారా, అన్నీ అడిగింది. వింటున్నంతసేపూ పెదాలు కదుపుతోంది, ప్రతి మాటా తను కూడా అనుకుంటున్నట్టు.

ఆ తర్వాత నవ్వుతూనే చెప్పింది. "మా నాన్నకి కూడా వాళ్ళు ఆ సినిమా కథే చెప్పారండీ. ఇల్లాలొస్తే మారిపోతాడు, సినిమాలో అలాగే జరిగిందీ అని. మా ఊళ్ళో ఆ సినిమా ఆడలేదు. ఆడినా మాకు చెప్పేవాళ్ళు లేరు."

పిన్ని గడప కడుక్కుని బయటపడింది, సరే. ఆ రోజు మా ఇంట్లో అందరం గండం తప్పిందని దణ్ణాలు పెట్టుకున్నాం. తప్పిన గండం ఎవరింటికి వెళ్ళిందో మేమూ అడగలేదు కదే. ఆవిడ బస్సు వచ్చింది. లేచి సంచి తీసుకుంటుంటే కొంగు జారింది, నేను సర్దబోయి ఆవిడ భుజం మీద

"అత్తయ్యా, వడ్డించేశాను. చల్లారిపోతోంది, ఇద్దరూ రండి."

వస్తున్నానమ్మా, వస్తున్నా. నువ్వు లేవకు అమ్మలూ, ఈ ఒక్క ముక్కా రాసుకో. కొంగు సర్దబోయి నేను చెయ్యి వేస్తే ఆవిడ చటుక్కున నా చెయ్యి పట్టుకుని, ఏవండీ, ఆయనెలాంటివాడో మీ వాళ్ళు అప్పుడు మాకు ఒక్క కబురైనా పంపించి ఉంటే

"అత్తయ్యా, మావయ్యగారు కంచం ముందు కూచున్నారు."